అల్లరి కుక్క, దొంగ పిల్లి ఉన్న ఇంట్లోకి కోళ్లను తెచ్చుకునే ముందు

పెరడున్న ఇంట్లో నాలుగు పెట్టలు తిరుగుతూ, పొద్దున్నే రెండు మూడు గుడ్లు చేతికొస్తే బాగుంటుందని అనుకోని వారు తక్కువ. ఆ ఇంట్లో అప్పటికే ఒక కుక్క, ఒక పిల్లి ఉన్నప్పుడు మాత్రం పని వరుస మారాలి. చాలామంది ముందు కోడిపిల్లలను తెచ్చేసి, గూడు సంగతీ కుక్క సంగతీ తర్వాత చూసుకుందామనుకుంటారు. అలా తెచ్చిన పిల్లల్లో సగం మొదటి వారంలోనే పోతాయి. ఆ పైన కుక్కకు దెబ్బలు పడతాయి, పిల్లిని ఎక్కడైనా వదిలేసి రమ్మనే మాట వస్తుంది. తప్పు ఆ మూగజీవాలది కాదు. పరిగెత్తేదాన్ని తరమడం కుక్క స్వభావం, రెక్క కొట్టుకునే చిన్న ప్రాణిపై దూకడం పిల్లి స్వభావం. ఆ స్వభావాన్ని లెక్కలోకి తీసుకుని ఇంటిని సిద్ధం చేసుకోవడం మన పని. ముందు కుక్కకు క్రమశిక్షణ, తర్వాత గట్టి గూడు, అన్నిటికంటే చివర కోళ్లు రావాలి. ఈ మూడింటికీ కలిపి రెండు నెలల వ్యవధి పెట్టుకుంటే తొందర ఉండదు.

మీ కుక్క ఎలాంటిదో ముందు తెలుసుకోండి

అన్ని కుక్కలూ కోళ్లతో ఒకేలా ఉండవు. ముధోల్, రాజపాళయం వంటివి తరతరాలుగా వేట కోసం పెంచిన జాతులు. కదిలేదాన్ని చూడగానే పరుగందుకోవడం వాటి రక్తంలోనే ఉంది. మన వీధుల్లో పుట్టి పెరిగిన దేశవాళీ కుక్కల్లో కొన్ని కోళ్ల మధ్య పెరిగి వాటిని పట్టించుకోవు, మరికొన్ని పక్కింటి కోడిని నోట కరుచుకుని వస్తాయి. అందువల్ల జాతి పేరు చూసి నిర్ణయానికి రాకుండా, మీ కుక్కను కోళ్లున్న చోటికి గొలుసుతో తీసుకెళ్లి, ఇరవై ముప్పై అడుగుల దూరంలో నిలబెట్టి గమనించండి. చెవులు నిక్కించి, ఒళ్లు బిగబట్టి, కన్నార్పకుండా ఒకే కోడిని చూస్తూ, పిలిచినా తల తిప్పకపోతే అది వేట చూపు. ఒకసారి చూసి, నేల వాసన చూసుకుని, మీ ముఖం వైపు తిరిగితే దానికి నేర్పడం సులువు. మొరగడాన్ని బట్టి మాత్రం అంచనా వేయవద్దు. నిశ్శబ్దంగా వణుకుతూ నిలబడే కుక్కే ఎక్కువ ప్రమాదకరం.

వేట చూపు ఉన్న కుక్కను కోళ్లతో కలిపి పెరట్లో వదలగలిగే రోజు బహుశా రాకపోవచ్చు. దానికి బాధపడనవసరం లేదు. గట్టి జాలీకి అటు కోళ్లు, ఇటు కుక్క ఏళ్ల తరబడి హాయిగా బతకవచ్చు. కోళ్లను వద్దనుకోవాల్సిన సందర్భం ఒక్కటే: జాలీ గూడు కట్టే చోటు గానీ, డబ్బు గానీ లేనప్పుడు.

అల్లరికి ముందు విరుగుడు

ఇంట్లో చెప్పులు కొరికే కుక్క, పూలకుండీలు తవ్వే కుక్క, ఆరేసిన బట్టలు లాగే కుక్క కోళ్లొచ్చాక ఒక్కసారిగా బుద్ధిగా మారదు. ఇలాంటి అల్లరికి చాలావరకు మూలం తీరని ఒంటి చురుకు. ఉదయం, సాయంత్రం అరగంట చొప్పున నడిపించి, కొరకడానికి ఎండు కొబ్బరి పీచు ఉండ కంటే గట్టిదైన రబ్బరు బొమ్మ ఏదైనా ఇచ్చి, వేళకు తిండి పెడితే పక్షం రోజుల్లోనే తేడా కనిపిస్తుంది. రోజంతా గొలుసుతో కట్టేసి ఉంచే కుక్కను మాత్రం ఏ శిక్షణా బాగు చేయలేదు. అది వదిలిన క్షణంలో ఏది కదిలితే దాని వెంట పడుతుంది.

ఈ దశలో కుక్కకు నేర్పాల్సిన మాట ఒక్కటే: నోట్లో ఉన్నదాన్ని గానీ, చూస్తున్నదాన్ని గానీ వదిలేసి మీ వైపు తిరగడం. దానికి ఏ మాట వాడినా ఫరవాలేదు గానీ ఇంట్లో అందరూ అదే వాడాలి. నాయనమ్మ ‘ఛీ’ అని, పిల్లలు ‘నో’ అని, నాన్న ‘ఏయ్’ అని అరిచే ఇంట్లో కుక్కకు అదంతా ఒక గోలగానే వినిపిస్తుంది. మా ఇంట్లో ‘వద్దు’ అనే మాటను స్థిరపరిచాం. పిడికిట్లో ఉడికించిన గుడ్డు ముక్క పట్టుకుని కుక్క ముందు చాచండి. అది నాకుతుంది, ముక్కుతో పొడుస్తుంది, కాలితో గీకుతుంది. పిడికిలి తెరవకుండా ‘వద్దు’ అని ఒక్కసారి, మామూలు గొంతుతో చెప్పి ఊరుకోండి. విసిగి అది ముఖం వెనక్కి తీసుకున్న ఆ క్షణంలో రెండో చేత్తో వేరే ముక్క పెట్టండి. ఇది రోజుకు రెండు మూడు సార్లు, అయిదేసి నిమిషాలు చాలు. తర్వాత ముక్కను నేల మీద పెట్టి, ఆ తర్వాత బంతి దొర్లించి, చివరికి వీధిలో పిల్లి కనబడ్డప్పుడు కూడా ఆ మాటకు కుక్క తల తిప్పేలా మెల్లగా కష్టం పెంచుకుంటూ పోవాలి. కొట్టడం వల్ల లాభం లేదన్నది మెత్తని మనసుతో చెప్పే మాట కాదు. కోడి కనబడ్డప్పుడల్లా దెబ్బలు తిన్న కుక్క, కోడి వల్లే దెబ్బలు పడుతున్నాయని అర్థం చేసుకుని, మీరు లేనప్పుడు దాని మీద పడే ప్రమాదం ఉంది.

పిల్లి విషయం వేరు. దానికి మాట నేర్పడం కంటే అవకాశం లేకుండా చేయడం తేలిక. ఎదిగిన పెట్టను మామూలు ఇంటి పిల్లి సాధారణంగా ముట్టుకోదు. పెట్ట ఈకలు విప్పి మీదికి వస్తే పిల్లే గోడెక్కుతుంది. రెండు నెలల లోపు కోడిపిల్లలకు మాత్రం పిల్లి యముడే. కోళ్లు రాకముందే పిల్లికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే రాత్రి తిరుగుళ్లు తగ్గుతాయి. దాని తిండి గిన్నెను కోళ్లకు అందని ఎత్తులో, అటక మీదో గోడ అలమారలోనో, ఒకే చోట ఒకే వేళకు పెట్టే అలవాటు ఇప్పుడే చేయండి, ఎందుకంటే రేపు పెట్టలు ఆ గిన్నెను మూడు నిమిషాల్లో ఖాళీ చేస్తాయి. పాల గిన్నె మూత తోసేసే పిల్లి, కోడిపిల్లల పెట్టె మూతను కూడా తోసేయగలదన్న సంగతి గూడు కట్టేటప్పుడు గుర్తుంచుకోవాలి.

గూడు

ఖర్చు పెట్టాల్సింది ఇక్కడే. కోళ్ల ఖరీదు కంటే గూడు ఖరీదు ఎన్నో రెట్లు ఎక్కువవుతుంది, అది అలాగే ఉండాలి.

అయిదారు పెట్టలకు రాత్రి పడుకునే గూడు నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు ఉంటే సరిపోతుంది. లోపల ఒక్కో కోడికి కనీసం రెండు చదరపు అడుగుల చోటు పడుతుందని లెక్క. పగలు కూడా బయటకు వదలలేని ఇల్లయితే గూటికి ఆనుకుని జాలీ కట్టిన ఆవరణ ఉండాలి. అందులో కోడికి ఎనిమిది నుంచి పది చదరపు అడుగులు ఇస్తే ఒకదాన్నొకటి పొడుచుకోకుండా ఉంటాయి. గూటిని నేల నుంచి అడుగున్నర, రెండడుగుల ఎత్తులో సిమెంటు దిమ్మెల మీద నిలబెడితే వానాకాలపు తడి, పందికొక్కులు రెండూ తప్పుతాయి. పొడవు వైపు తూర్పు పడమరలుగా ఉండేలా కడితే ఎండ నేరుగా లోపలికి కొట్టదు. పైకప్పు రేకు అయితే దాని మీద తాటాకు గానీ వరిగడ్డి గానీ పరచడం తప్పనిసరి, ఎందుకంటే ఏప్రిల్ మధ్యాహ్నం వట్టి రేకు కింద కోళ్లు బతకవు.

ఇక జాలీ. దుకాణంలో ‘కోళ్ల జాలీ’ అని అడిగితే ఆరు మూలల కన్నులున్న పలుచని తీగ జాలీ ఇస్తారు. అది కోళ్లు బయటకు పోకుండా ఆపడానికి పనికొస్తుంది గానీ కుక్క లోపలికి రాకుండా ఆపడానికి పనికిరాదు. మధ్యరకం కుక్క దాన్ని పళ్లతో పట్టి చింపేస్తుంది, ముంగిస కన్నుల్లోంచి తల దూరుస్తుంది. నేల నుంచి కనీసం మూడడుగుల ఎత్తు వరకు అరంగుళం కన్నుల వెల్డ్‌మెష్ (తీగలను అతికించి చేసిన గట్టి జాలీ) వాడండి. డబ్బు సరిపోకపోతే ఆ పైన పలుచని జాలీ కట్టవచ్చు. ఆవరణకు పైన కూడా జాలీ ఉండాలి. పిల్లి, డేగ, కాకి మూడూ పైనుంచే వస్తాయి. కింద కుక్క తవ్వకుండా, జాలీని అడుగు లోతున పాతండి. నేల రాతిదైతే జాలీని బయటి వైపు అడుగున్నర వెడల్పున నేల మీద పరిచి రాళ్లు పేర్చండి. కుక్క ఎప్పుడూ గోడకు ఆనుకునే తవ్వడం మొదలుపెడుతుంది. అక్కడ దాని గోళ్లకు తీగ తగలగానే మానేస్తుంది.

తలుపు గడియ గురించి కొంచెం విడిగా చెప్పాలి, ఎందుకంటే మంచి గూళ్లు చాలావరకు ఓడిపోయేది అక్కడే. మామూలు అడ్డగడియను మా కుక్క ముక్కుతో కింది నుంచి తడుతుంది. మొదటి తోపుకు గడియ అంగుళం లేస్తుంది, రెండో తోపుకు తల పక్కకు వంచి కోరపంటితో దాన్ని జరుపుతుంది, మూడోసారికి తలుపు తెరుచుకుంటుంది. ఇదంతా తోక ఊపుకుంటూ, ఎక్కడా తొందరపడకుండా చేస్తుంది. కోళ్లు రాకముందు ఖాళీ గూటిలో ఉడికించిన గుడ్డు పెట్టి, గడియ వేసి, దూరం నుంచి చూడడం వల్ల ఆ విద్య బయటపడింది. మీరూ ఆ పరీక్ష చేయండి. గడియకు రంధ్రం ఉండి, అందులో స్ప్రింగు కొక్కెం గానీ చిన్న తాళం గానీ పడితే కుక్క నోటికి లొంగదు. గుడ్లు తీసే చిన్న తలుపుకు కూడా ఇదే ఏర్పాటు ఉండాలి.

లోపల నేలపై రెండు మూడంగుళాల మందాన వరి ఊక పరిచి, వారానికి రెండుసార్లు కలియబెట్టి, తడిసిన చోట తీసేసి కొత్తది వేస్తే వాసన రాదు. కోళ్లు రాత్రి కర్ర మీద కూర్చుంటాయి కాబట్టి రెండడుగుల ఎత్తులో, రెండంగుళాల వెడల్పున్న నున్నని కర్ర, కోడికి ఎనిమిదంగుళాల చొప్పున అమర్చండి. గుడ్లు పెట్టడానికి అడుగు పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న పెట్టెలు నాలుగైదు పెట్టలకు ఒకటి చొప్పున, కాస్త చీకటి మూలలో, కర్ర కంటే తక్కువ ఎత్తులో ఉంచండి. పెట్టె కర్ర కంటే ఎత్తుగా ఉంటే కోళ్లు అందులోనే పడుకుని రెట్టలతో పాడుచేస్తాయి.

గూడు పూర్తయ్యాక పెరడంతా ఒకసారి వంగి నడవండి. ఇల్లు కట్టినప్పటి మేకులు, తీగ ముక్కలు, గాజు పెంకులు, థర్మోకోల్ ముక్కలు కనిపించినవన్నీ ఏరేయాలి. థర్మోకోల్ అంటే కోళ్లకు విపరీతమైన ఇష్టం. అది జీర్ణం కాక కడుపులో అడ్డం పడుతుంది.

ఏ కోళ్లు, ఎన్ని, ఎక్కడ నుంచి

మొదటిసారి పెంచేవారు నాలుగు నుంచి ఆరు పెట్టలతో మొదలుపెట్టాలి. ఒక్క కోడిని తేవద్దు, అది బెంగపెట్టుకుంటుంది. గుడ్ల కోసం పుంజు అవసరం లేదు. పుంజు లేకపోయినా పెట్టలు గుడ్లు పెడతాయి, అవి పొదగడానికి మాత్రమే పనికిరావు. తెల్లవారుజామున మూడున్నరకే కూత మొదలుపెట్టే పుంజు వల్ల పొరుగువారితో వచ్చే మాటలు, దాన్ని చూసి మొరిగే కుక్క వల్ల రెట్టింపవుతాయి. పట్టణంలో ఉండేవారు కోళ్లు పెంచుకోవచ్చునో లేదో పురపాలక కార్యాలయంలోనూ, ఇరుగుపొరుగుతోనూ ముందే మాట్లాడుకోవడం మంచిది.

పెరటి పెంపకానికి హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ అభివృద్ధి చేసిన వనరాజా, గ్రామప్రియ రకాలు, అక్కడి పశువైద్య విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన రాజశ్రీ మన రెండు రాష్ట్రాల్లోనూ బాగా వాడుకలో ఉన్నాయి. గ్రామప్రియ ప్రధానంగా గుడ్ల కోసం, వనరాజా గుడ్లు, మాంసం రెండింటి కోసం. ఇవి సాధారణంగా పొదగవు. అసీలు పెట్ట తక్కువ గుడ్లు పెడుతుంది గానీ తల్లిగా దానికి సాటి లేదు. పిల్లల జోలికొచ్చిన పిల్లి ముఖం మీదికే దూకుతుంది. అయితే అసీలు కోళ్లు తమలో తాము కూడా పోట్లాడుకుంటాయి కాబట్టి చిన్న ఆవరణకు సరిపడవు. నా సలహా గ్రామప్రియ లేదా రాజశ్రీ పెట్టలు. వీధిలో తట్టలో పెట్టుకుని అమ్మే రంగులద్దిన పిల్లలను మాత్రం కొనవద్దు. అవి ఎక్కువగా గుడ్ల జాతుల హేచరీలు వద్దనుకున్న మగపిల్లలు. టీకాలు ఉండవు, చాలావరకు వారం బతకవు, బతికినవి పుంజులవుతాయి.

కుక్క, పిల్లి ఉన్న ఇంటికి ఒకరోజు పిల్లల కంటే ఎనిమిది నుంచి పన్నెండు వారాల వయసున్న పెట్టలు తగినవి. ధర ఎక్కువైనా ప్రమాదకరమైన వయసు దాటి ఉంటాయి, వెచ్చదనం ఇవ్వాల్సిన పని ఉండదు. ఇంకో ముఖ్యమైన లాభం టీకాలది. పుట్టిన రోజున మారెక్స్ అనే పక్షవాతపు రోగానికి టీకా, అయిదు నుంచి ఏడో రోజు మధ్య కొక్కెర తెగులుకు లసోటా అనే టీకా చుక్క, పద్నాలుగో రోజు ప్రాంతంలో రోగనిరోధక శక్తిని దెబ్బతీసే గంబోరో రోగానికి టీకా, నాలుగో వారంలో మళ్లీ లసోటా, ఎనిమిది పది వారాల మధ్య కొక్కెర తెగులుకే ఆర్‌టూబీ టీకా, మధ్యలో కోడి మశూచి టీకా పడాలి. ఈ సీసాలు వందకు తక్కువ కాని మోతాదుల్లో వస్తాయి, మంచుపెట్టెలో ఉంచి తేవాలి, కలిపాక గంట రెండు గంటల్లోనే వాడేయాలి. నాలుగు కోళ్ల కోసం ఇదంతా చేయడం కష్టం కాబట్టి, టీకాలు వేసి పెంచి అమ్మే వారి దగ్గర, ఏ రోజు ఏది వేశారో రాయించుకుని కొనడం ఉత్తమం.

చిన్న కోడిపిల్లలనే తెచ్చుకుంటామంటే, అవి పెరిగే గదికి తలుపు ఉండాలి, ఆ తలుపు మూసి ఉండాలి. మొదటి వారం 35 డిగ్రీల సెల్సియస్ వెచ్చదనం ఇచ్చి, వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవాలి. ఎల్‌ఈడీ దీపం వేడినివ్వదు కాబట్టి పాతకాలపు బల్బు గానీ వేడి బల్బు గానీ కావాలి. దాన్ని కరెంటు తీగకు వేలాడదీయకుండా గొలుసుతో కొక్కేనికి కట్టండి. వెచ్చదనం వెతుక్కుంటూ వచ్చిన పిల్లి దూకి బల్బును ఊకలో పడేస్తే ఇల్లే అంటుకుంటుంది. పిల్లలన్నీ బల్బు కింద కుప్పగా చేరితే చలి, మూలలకు పారిపోయి నోరు తెరిస్తే వేడి ఎక్కువని అర్థం. పెట్టె మీద అట్ట మూత కాకుండా చెక్క చట్రానికి బిగించిన జాలీ మూత పెట్టి, దాని మీద ఇటుకలు ఉంచండి.

పరిచయం

కోళ్లొచ్చిన మొదటి వారం వాటిని గూటిలోనే ఉంచాలి. అది తమ ఇల్లని అప్పుడు వాటికి తెలుస్తుంది. తర్వాత సాయంత్రం వాటంతటవే అక్కడికి చేరతాయి. ఆ వారమంతా కుక్కను గొలుసుతో, దాని నడక అయిపోయి అలసిన తర్వాత, గూటికి ఇరవై అడుగుల దూరం వరకు తీసుకెళ్లి కూర్చోబెట్టండి. అది కోళ్లను చూసి మళ్లీ మిమ్మల్ని చూసిన ప్రతిసారీ గుడ్డు ముక్క పెట్టండి. పది నిమిషాల్లో వెనక్కి తెచ్చేయండి. మర్నాడు రెండడుగులు దగ్గర. ఒళ్లు బిగిస్తే మళ్లీ వెనక్కి. ఇందులో తొందర పనికిరాదు; కొన్ని కుక్కలకు పది రోజులు పడితే కొన్నిటికి రెండు నెలలు పడుతుంది. ఇంట్లో పిల్లలు ఉత్సాహం కొద్దీ కోడిని చేత్తో పట్టుకుని కుక్క ముక్కు దగ్గర పెడతారు. అలా చేయనివ్వకండి, రెక్కల టపటప వినగానే ఎంత నేర్చిన కుక్కకైనా పళ్లు కదులుతాయి.

జాలీ పక్కన కుక్క పడుకుని నిద్రపోయే స్థితి వచ్చాక, అప్పుడు పొడవాటి తాడుతో దాన్ని పట్టుకుని కోళ్లను పెరట్లోకి వదలండి. ఇది కూడా వారాలపాటు సాగాలి. ఎంత నమ్మకం కుదిరినా మీరు ఇంట్లో లేని సమయంలో కుక్కనూ కోళ్లనూ కలిపి వదలవద్దు. వీధికుక్క ఒకటి గేటు దగ్గరకొచ్చి గొడవ మొదలైతే మీ కుక్క కూడా ఆ ఆవేశంలో కోడి మీద పడవచ్చు.

ఒకవేళ కుక్కో పిల్లో కోడిని పట్టుకుంటే, విడిపించాక పైకి గాయం లేదని వదిలేయకండి. ఈకలు విడదీసి చర్మాన్ని అంతా వేళ్లతో తడిమి చూడండి. పంటి గాట్లు ఈకల కింద దాగుంటాయి. పిల్లి పళ్ల వల్ల ఒంటికి ఎక్కే విషక్రిములు ఒకటి రెండు రోజుల్లో కోడిని చంపగలవు. గోరువెచ్చని ఉప్పు నీటితో కడిగి, అయోడిన్ మందు రాసి, చీకటిగా, వెచ్చగా ఉన్న పెట్టెలో ఉంచి వెంటనే పశువైద్యునికి చూపించాలి. రెండు రాష్ట్రాల్లోనూ 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం గురించి చెబుతారు.

తిండి దగ్గర తగాదాలు

గుడ్లు పెట్టే పెట్ట రోజుకు నూట పది గ్రాముల అటూ ఇటూ దాణా తింటుంది. పెరట్లో పురుగులు, గడ్డి, వంటింటి కూర తుక్కు దొరికితే అంత కొననవసరం ఉండదు. నూకలు, తవుడు, జొన్నలు, మొక్కజొన్న నూక, తోటకూర, మునగాకు అన్నీ పెట్టవచ్చు. కానీ వట్టి నూకలతో గుడ్లు రావు. మాంసకృత్తుల కోసం గుడ్ల కోళ్ల దాణానో వేరుశనగ చెక్కో కలపాలి, పెంకు గట్టిపడడానికి ఆలిచిప్పల పొడి విడిగా గిన్నెలో ఉంచాలి. ఉప్పు ఎక్కువైన మిగులు కూరలు, పచ్చళ్లు, బూజు పట్టిన గింజలు వేయవద్దు.

కోళ్ల దాణా కుక్కకు అందకూడదు. కోడిపిల్లల దాణాలో రక్తపారుడు రాకుండా కలిపే మొనెన్సిన్, సాలినోమైసిన్ వంటి మందులు కుక్కలకు విషం; గుండె, కండరాలు దెబ్బతిని కాళ్లు చచ్చుబడతాయి. మందు కలపని దాణా అడిగి తీసుకోండి, లేదా దాన్ని రేకు డబ్బాలో బిగుతు మూతతో దాచండి. ఆ మూత ఎలుకలను కూడా ఆపుతుంది. ఎలుకలు పెరిగాయని మందు పెట్టడం ఇలాంటి ఇంట్లో అసలు చేయకూడని పని: ఆ మందు తిన్న ఎలుకను పిల్లి తింటే పిల్లి పోవచ్చు, కుక్క తింటే కుక్క పోవచ్చు, కోడి పొడిచినా అంతే. బోను పెట్టండి, రాత్రి దాణా తొట్టి తీసి లోపల పెట్టండి.

కుక్కలు గుడ్లను ఇష్టంగా తింటాయి. ఎక్కువ గుడ్లు పొద్దున్నుంచి మధ్యాహ్నం లోపే పడతాయి కాబట్టి రోజుకు రెండుసార్లు తీసేస్తే ఆ దొంగతనానికి తావుండదు. పెట్టలు అయిదారు నెలల వయసులో గుడ్లు మొదలుపెడతాయి. ఆ సమయంలో గూటి పెట్టెలో చెక్క గుడ్డు ఒకటి ఉంచితే, అవి తోటలో చాటుగా కాకుండా పెట్టెలోనే పెట్టడం నేర్చుకుంటాయి. చాటుగా పెట్టిన గుడ్లు మొదట దొరికేది కుక్కకే, మీకు కాదు. కోసిన కోడి ఎముకలను ఉడికించినవైతే కుక్కకూ పిల్లికీ వేయవద్దు; అవి చీలి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి.

ఒంటి పురుగులు, రోగాలు

కోళ్లకు పేలు పడితే చాలామంది పశువులకు వాడే పిడుదుల మందు నీళ్లలో కలిపి గూడంతా చల్లుతారు. పిల్లి ఉన్న ఇంట్లో ఇది ప్రాణాంతకం. పర్మెత్రిన్, సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ వంటి మందులను పిల్లి శరీరం విరిచేయలేదు. ఆ మందు తగిలిన చోట తిరిగి, ఒళ్లు నాకుకుని, వణుకుతో ఫిట్స్ వచ్చి చనిపోతుంది. కుక్కకు వీపు మీద వేసే పిడుదుల చుక్కల్లో కూడా కొన్నిటిలో పర్మెత్రిన్ ఉంటుంది, అవి పిల్లికి వేయనే కూడదు. కుక్కకు వేశాక కూడా ఆరేదాకా పిల్లిని దూరంగా ఉంచాలి. కోళ్లకు పాత టైరులో ఎండు మట్టి, కట్టెల బూడిద, ఇసుక కలిపి పోసి ఉంచండి. అందులో దొర్లి అవే పేలను చాలావరకు వదిలించుకుంటాయి. తగ్గకపోతే ఇంట్లో పిల్లి ఉన్న సంగతి చెప్పి పశువైద్యుని దగ్గరే మందు రాయించుకోండి.

కుక్కకూ పిల్లికీ ఏటా రేబిస్ టీకా, మూడు నెలలకోసారి నులిపురుగుల మందు తప్పకూడదు. కుక్క కోళ్ల రెట్టలు తినే అలవాటున్నదైతే మరీ. గూటి పని చేశాక అందరూ, ముఖ్యంగా పిల్లలు, సబ్బుతో చేతులు కడుక్కోవాలి. గూటి ఎరువును నేరుగా మొక్కలకు వేస్తే వేడికి మాడతాయి. ఎండుటాకులతో కలిపి కుప్ప వేసి మూడు నాలుగు నెలలు మాగనివ్వాలి. పిల్లి పెంటను ఆ కుప్పలో కలపవద్దు, కూరగాయలకు వాడే ఎరువులో దానికి చోటు లేదు.

2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయింది. ఆ వైరస్ పిల్లులకు కూడా సోకి వాటిని చంపగలదు. అందుకే కోళ్లు గానీ కాకులు గానీ ఒకటి రెండు రోజుల్లో వరుసగా చనిపోతే, వట్టి చేతులతో ముట్టుకోకుండా, పిల్లిని ఇంట్లో మూసేసి, కుక్కను కట్టేసి, పశుసంవర్ధక శాఖకు కబురు చేయాలి. చనిపోయిన కోడిని పారేస్తే పిల్లి ముట్టుకుంటుంది. వారు చెప్పినట్టు లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాలి.

ముంగిస, పాము తిరిగే ఊళ్లలో ఉచ్చులు పెట్టాలనే ఆలోచన వస్తుంది. ముంగిస 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జంతువు, పట్టడం గానీ చంపడం గానీ నేరం. అరంగుళం జాలీ, చీకటి పడకముందే మూసిన తలుపు, ఈ రెండే దానికి మందు.

ఎండాకాలంలోనూ, ఊరెళ్లినప్పుడూ

కోళ్లకు చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పడమే వాటికి తెలిసిన చల్లదనం. ఏప్రిల్, మే నెలల్లో దాణాను తెల్లవారకముందు, సాయంత్రం చల్లబడ్డాక మాత్రమే పెట్టి, మధ్యాహ్నం మట్టి మూకుళ్లలో నీళ్లు రెండుసార్లు మార్చి, జాలీకి తడి గోనెసంచులు వేలాడదీయండి. తడి గోనె నీడలోకి కుక్క కూడా వచ్చి పడుకుంటుంది కాబట్టి దాని నీళ్ల గిన్నెను పెరటికి అవతలి వైపు, చెట్టు కింద పెట్టండి. దీపావళి రోజుల్లో మాత్రం అందరినీ విడివిడిగా మూసేయాలి. టపాసుల చప్పుడుకు బెదిరిన కుక్క జాలీ మీద పడుతుంది, బెదిరిన కోళ్లు మూలకు చేరి ఒకదాని మీద ఒకటి ఎక్కి ఊపిరాడక చస్తాయి.

సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు దాణా, నీళ్లు పొరుగువారు పోస్తారని సరిపెట్టుకోకండి. సాయంత్రం కోళ్లన్నీ చేరాయో లేదో లెక్కపెట్టి కొక్కెం వేసే మనిషి కావాలి. వెళ్లే ముందు రోజు ఆ మనిషిని పిలిచి, మీ కళ్ల ముందే కోళ్లను లెక్కపెట్టించి, కొక్కెం పెట్టించి, తీయించండి. కుక్కను మీతో తీసుకెళ్లలేకపోతే, ఆ రోజుల్లో కోళ్లను ఆవరణ దాటి వదలవద్దని, కుక్క ఎంత బుద్ధిగా కనిపించినా వదలవద్దని కాగితం మీద రాసి గూటి తలుపుకు అంటించి వెళ్లండి.